‘కట్’ చెప్పే హక్కు ఎవరిది?

స్టూడియో ఫ్లోరు మీద అందరి చెవులూ ఎదురుచూసే మాట ఒకటుంది – ‘కట్’! హీరో ఎంత పెద్దవాడైనా, నిర్మాత పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నా, ఆ మాట అనే అధికారం డైరెక్టరుదే. గ్లిజరిన్ కళ్ళల్లో మండుతున్నా ఆర్టిస్టు ఆ మాట వినపడేదాకా ఏడుస్తూ ఉండాల్సిందే.

మరి... ఆ హక్కు సెట్లో ఉన్న ప్రతివాళ్ళకీ, ఆఖరికి గుంపులో నిలబడే జూనియర్ ఆర్టిస్టుకి కూడా ఇచ్చేస్తే? ‘ఇక సినిమా తీసినట్టే!’ అని నవ్వుకుంటున్నారు కదూ! సినిమా సంగతి తర్వాత చూద్దాం. అచ్చంగా అలాంటి హక్కుతోనే నడుస్తున్న వినోదం ఒకటుంది. నటనకి పినతల్లి కూతురు లాంటిది. ఈ వారం దాని ముచ్చటే.

వీటిని రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటారు. నలుగురైదుగురు బల్ల చుట్టూ చేరతారు. ఒకరు సూత్రధారి – వాళ్ళ భాషలో గేమ్ మాస్టర్. మిగతావాళ్ళకి తలా ఒక పాత్ర. స్క్రిప్టు లేదు, మేకప్పు లేదు, కెమెరా లేదు. చూసే జనం అసలే లేరు! సూత్రధారి ఒక సన్నివేశం చెప్పి ‘ఇప్పుడేం చేస్తావు?’ అంటాడు. పాత్రధారి చెబుతాడు. ఆ పని నెగ్గిందో లేదో పాచికలు తేలుస్తాయి. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారుచేసిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో ఈ సరదా అచ్చులోకి వచ్చింది. బల్ల లేకుండా, వేషాలు కట్టి, నిజంగానే తిరుగుతూ ఆడేది ఇంకో రకం. దాన్ని లార్ప్ అంటారు. నార్వే, స్వీడన్ వైపు దానికి మోజు ఎక్కువ.

మొదట్లో ఈ ఆటలంటే అమెరికాలో చాలామంది తల్లిదండ్రులు బెంబేలెత్తిపోయారు. 1982లో ‘మేజెస్ అండ్ మాన్‌స్టర్స్’ అని ఒక టెలిఫిల్మ్ కూడా వచ్చింది. అప్పటికింకా సినిమా స్టారు కాని టామ్ హాంక్స్‌ది అందులో ఆట పిచ్చిలో పడి తానెవరో మరిచిపోయే కాలేజీ కుర్రాడి వేషం. హాంక్స్ బాగానే చేశాడు గానీ, భయపడాల్సింది అది కాదని నాకనిపిస్తుంది. ఆటలోని రాక్షసుడితో వచ్చే ప్రమాదమేమీ లేదు. పక్క కుర్చీలో కూర్చున్న మనిషి మనసులో ఏం మోసుకుంటూ వచ్చాడో మనకి తెలియదు చూడండి, అక్కడుంది చిక్కు!

హైదరాబాదులో ఒక మిత్రుడి ఇంట్లో ఈ ఆట దగ్గరుండి చూశాను. ఐదుగురూ కంప్యూటరు కంపెనీల్లో పనిచేసే కుర్రకారు. బల్ల మీద పాచికలు, పకోడీల ప్లేటు, మధ్యలో ఒక అట్టముక్క. దాని మీద పెద్ద ఎక్స్ గుర్తు. కథ జోరుగా సాగుతోంది. కరువొచ్చిన ఊరు, ఊరి చివర పాడుబడ్డ బావి. సూత్రధారి గొంతు తగ్గించి, ఆ బావిలోంచి పసిపిల్ల ఏడుపు వినిపిస్తోందన్నాడు. పాత సస్పెన్సు సినిమాల ఫక్కీలో భలే రక్తి కట్టించాడు లెండి! అంతలో దొంగ వేషం ఆడుతున్న అమ్మాయి చెయ్యి చాపి ఆ అట్టముక్క మీద వేలు ఆన్చింది.

‘సరే, ఆ ఏడుపు తీసేద్దాం. బావి ఉంచనా?’ అన్నాడతను.

‘బావి కూడా వద్దు.’

‘అయితే అక్కడ పాత సత్రం ఉంది. తలుపు తాళం వేసుంది. ఏం చేస్తావు?’

ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఆమె చెప్పలేదు. పకోడీల ప్లేటు ఈ చివరి నుంచి ఆ చివరికి జరిగింది. ఆట సాగింది.

దాన్ని ఎక్స్ కార్డు అంటారు. 2013లో జాన్ స్టావ్రోపౌలోస్ అనే అమెరికన్ ఈ పద్ధతి రాసి పెట్టాడు. కారణం అడక్కపోవడమే దానికి ప్రాణం. ‘ఎందుకూ? ఏమైందీ?’ అని నలుగురూ మీద పడితే, ఏ బాధ తప్పించుకోవడానికి ఆమె చెయ్యి చాపిందో ఆ బాధనే మళ్ళీ నలుగురిలో విప్పి చూపించాల్సి వస్తుంది. మన ఇళ్ళల్లో ‘ఎందుకూ?’ అనకుండా ఉండటం ఎంత కష్టమో వేరే చెప్పాలా!

ఏమాటకామాటే, కార్డు పెట్టేస్తే చాలదు. మన మొహమాటాలు మనకుంటాయి. కొత్తగా వచ్చినవాడు, ఆఫీసులో పై అధికారితో కలిసి ఆడుతున్నవాడు, ‘నా వల్ల అందరి సరదా పాడవుతుందేమో’ అనుకునే పిల్ల – వీళ్ళ చెయ్యి అంత సులభంగా లేవదు. అందుకే అనుభవం ఉన్న సూత్రధారి ముందుగా తనే ఒకసారి ఆ కార్డు ముట్టుకుని చూపిస్తాడు.

ఇంతకన్నా మంచి పని ఆట మొదలవ్వకముందే జరగాలి. మన వాళ్ళ స్టోరీ సిట్టింగు లాంటిదే వాళ్ళకీ ఉంది. దాన్ని సెషన్ జీరో అంటారు. ఏది ఉండొచ్చు, ఏది అసలు ఉండకూడదు అని అక్కడే తేల్చుకుంటారు. అసలు రాకూడనిది ‘గీత’. కథలో జరగొచ్చు గానీ కళ్ళకి కట్టినట్టు చెప్పకూడనిది ‘తెర’. 2003లో రాన్ ఎడ్వర్డ్స్ అనే ఆటల రచయిత ఈ రెంటినీ విడదీసి రాశాడు. ఆ తెర మన సినిమావాళ్ళకి కొత్తేం కాదు లెండి! హీరో హీరోయిన్లు దగ్గరయ్యేసరికి రెండు పువ్వులు తలలు కలపలేదూ? కెమెరా దీపం మీదికి వెళ్ళిపోలేదూ? ఎడ్వర్డ్స్ దానికి పేరు పెట్టాడు, అంతే.

ఇన్ని జాగ్రత్తలు పడితే ఆట చప్పగా, పిల్లల బొమ్మలాటలా తయారవుతుందనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి నేను నార్వే సంగతి చెబుతాను. అక్కడి లార్పుల్లో రెండు మాటలున్నాయి. ‘కట్’ అంటే ఆట ఆగిపోవాలి, ఆ మనిషి సంగతి చూడాలి. ‘బ్రేకు’ అంటే ఆపనక్కర్లేదు, జోరు తగ్గించాలి. ఈ రెండూ ఎవరైనా అనొచ్చు. 2011లో టోర్ చెటిల్ ఎడ్లాండ్, హన్నే గ్రాస్మో ‘జస్ట్ ఎ లిటిల్ లవిన్’ అనే లార్పు నడిపారు. ఎయిడ్స్ అన్న పేరే కొత్తగా ఉన్న రోజుల కథ. 1982, 83, 84 – వరసగా మూడు జూలై నాలుగులు, న్యూయార్కు స్నేహితుల మూడు పార్టీలు. వచ్చే ఏటి పార్టీకి ఎవరు మిగులుతారో లాటరీ తేలుస్తుంది! ప్రేమ, జబ్బు, చావు – అన్నీ అందులో ఉన్నాయి. అయితే ఆట ముందు వర్క్‌షాపులు పెట్టి తర్ఫీదు ఇస్తారు. అయ్యాక అందరినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. అంత బరువైన కథలోకి ధైర్యంగా దిగగలిగారంటే, ఎప్పుడైనా బయటికి రావచ్చన్న భరోసా ఉండబట్టే.

పాత్ర దుఃఖం మనిషికి అంటుకోవడాన్ని వాళ్ళు ‘బ్లీడ్’ అంటారు. బకెట్లో ఒక చీర రంగు దిగి పక్క చీరకి పట్టినట్టన్నమాట. మన దేశంలో అది బాగా ఎరిగిన నటుడు దిలీప్ కుమార్. వరస విషాద పాత్రలతో మనసు కుంగిపోయి, మానసిక వైద్యుణ్ణి సంప్రదిస్తే, తేలిక పాత్రలు వెయ్యమని సలహా ఇచ్చారు. అలా ఒప్పుకున్నదే ‘ఆజాద్’ (1955). ఆ ‘ఆజాద్’ మన ఎన్.టి.ఆర్. ‘అగ్గిరాముడు’ (1954)కి హిందీ చుట్టమే!

ఇక సినిమా సంగతి. ‘లాస్ట్ టాంగో ఇన్ పారిస్’ (1972) తీసేనాటికి హీరోయిన్ మరియా ష్నైడర్‌కి 19 ఏళ్ళు. బలాత్కార సన్నివేశంలో ఒక వివరాన్ని ఆమెకి ముందుగా చెప్పలేదనీ, నటిగా కాదు, అమ్మాయిగా ఆమె అవమానపడటమే తనకి కావాలనిపించిందనీ దర్శకుడు బెర్టొలూచీ తర్వాత తనే ఒప్పుకున్నాడు. అక్కడ ‘కట్’ ఆయన ఒక్కడిదే. ఆమెకి ఆ అవమానం చివరిదాకా మిగిలింది. ఇప్పుడు హాలీవుడ్డులో శృంగార సన్నివేశాలకి ఇంటిమసీ కోఆర్డినేటరు అని వేరే మనిషిని పెడుతున్నారు. ఏం జరగాలో ముందే ఆర్టిస్టులతో కూర్చుని మాట్లాడి, షాట్ నడుస్తున్నంతసేపూ వాళ్ళ తరఫున నిలబడటం ఆ మనిషి పని. హెచ్‌బీవో సంస్థ 2018లో ‘ది డ్యూస్’ సీరియల్‌కి అలా ఒకరిని పెట్టింది. ఆ ఏర్పాటు కావాలని అడిగింది నిర్మాతలు కాదు. అందులో వేషం వేసిన ఎమిలీ మీడ్ అనే నటి.