ఏడో పేజీ దగ్గర ఆగిపోయిన ఫ్యాక్స్

"మావయ్యా, ఫ్యాక్స్ అంటే ఏంటి?" అని మొన్న వీడియో కాల్‌లో మా మేనల్లుడు అడిగాడు. నవ్వొచ్చింది. ఇక్కడ అమెరికాలో ఆసుపత్రులు, మందుల షాపులు ఇప్పటికీ ఫ్యాక్సు వదల్లేదు. నా ఉద్యోగంలో సగం కాలం దానికే పోయింది మరి.

నేను చేసేది గేట్‌వేల డిజైన్. ఒక పక్క టెలిఫోన్ లైను, రెండో పక్క ఇంటర్నెట్, మధ్యలో మా పెట్టె. అది గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, 20 మిల్లీసెకన్ల ముక్కలుగా పంపుతుంది. దారిలో ఒక ముక్క పోయినా ఫరవాలేదు. కాలింగ్ కార్డు నంబరు గీకి ఇంటికి ఫోన్ చేసిన రోజులు గుర్తున్నాయా? లైను ఎంత తెగినా అమ్మ "తిన్నావా" అన్నది మాత్రం అర్థమయ్యేది. మిగతాది మన చెవే పూరించుకునేది.

ఫ్యాక్సుకు ఆ చెవి లేదు. జి.729 లాంటి పద్ధతులు 64 కిలోబిట్లను 8కి కుదిస్తాయి. అవి మనిషి గొంతు కోసం తయారైనవి, ఫ్యాక్సు కూతను పాడుచేస్తాయి. అందుకే ఆ కూత వినగానే కుదింపు ఆపేసేలా రాశాం. ల్యాబులో వంద పేజీలు పంపినా తప్పు లేదు.

తర్వాత ఒక ఆసుపత్రి నుంచి ఫిర్యాదు. పెద్ద ఫైలు ఏది పంపినా ఏడో పేజీ దగ్గర చెడిపోతోంది. రికార్డులు చూసే పెద్దావిడ ఫోన్లో అరవలేదు. "పేషెంటును వేరే ఆసుపత్రికి మార్చారు. అక్కడి డాక్టరు ఈ కాగితాల కోసం చూస్తున్నాడు" అంది, అంతే. అరిచి ఉంటే బాగుండేది.

తప్పు గడియారాలది. రెండు చివర్ల పెట్టెలకు మిలియన్‌లో 50 వంతుల తేడా ఉన్నా, 400 సెకన్లలో 20 మిల్లీసెకన్లు పోగవుతుంది. అప్పుడు పెట్టె ఒక ముక్క పారేస్తుంది. మాటల్లో ఎవరికీ తెలియదు, ఫ్యాక్సులో పేజీ పోతుంది. ల్యాబులో మాకెందుకు దొరకలేదంటారా? రెండు పెట్టెలనూ ఒకే గడియారానికి కలిపింది నేనే.

మందు 1998 నుంచీ ఉంది, టి.38 ప్రమాణం. కూతను కూతగా మోయకుండా, అందులోని సమాచారాన్ని విప్పి, వెనకటి ముక్కల నకళ్లతో సహా పంపి, అవతల మళ్లీ కూతగా మారుస్తుంది. "తర్వాతి వెర్షన్‌లో చూద్దాం" అని దాన్ని వాయిదా వేసిందీ నేనే.

మూడు వారాలు పట్టింది. ఆవిడ 22 పేజీలు పంపి చూసింది, ఒక్కసారికే వెళ్లాయి. ల్యాబులో ఇప్పుడు ఏ పెట్టె గడియారం దానిదే.