నోటీసులో ‘టెర్మినేట్’ అని ఉంటే

హద్దు అని అర్థమిచ్చే లాటిన్ పదం ‘టెర్మినస్’ నుండి పుట్టిన ఆంగ్ల క్రియ ‘టెర్మినేట్’. రైలు టెర్మినేట్ అయిందంటే ఆ ప్రయాణం అక్కడితో సరి. గడువు తనంత తాను తీరితే ‘ఎక్స్‌పైర్’ అంటారు; ఒక పక్షం తలచి ముగిస్తేనే ‘టెర్మినేట్’. ఉద్యోగపు లేఖలో ఈ మాట తొలగింపును తెలుపుతుంది, రాజీనామా వేరు.

అద్దె నోటీసులో దీనిని ‘వెంటనే ఖాళీ చేయుట’ అని చదువుకోరాదు. ముగిసేది ఒప్పందం. నెలవారీ అద్దెకు, ఒప్పందంలోగాని స్థానిక చట్టంలోగాని వేరే నిబంధన లేనప్పుడు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను ప్రకారం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అది లిఖితపూర్వకంగా, సంతకంతో ఉండాలి. నోటిమాట చాలదు. ఇల్లు విడిచి వెళ్ళదలచిన అద్దెదారుకూ ఇదే నియమం. మనవారు తరచు మరచేది ఇక్కడే.