వెలుగు రంగు - పైరు తీరు



కోనసీమ పెద్దలకు నీడను గూర్చి చెప్పబూనుట తాతకు దగ్గులు నేర్పుట వంటిది. కొత్తపేట మొదలు రాజోలు వఱకు కొబ్బరినీడలోనే మన బ్రదుకు గడచుచున్నది. అయినను ఒక్కమాట మనవి చేసెదను. నీడ యనగా వెలుగు తగ్గుట యని మనము తలంతుము. తగ్గుట మాత్రమే కాదు; వెలుగు రంగును మాఱును. ఆ మార్పు మన కంటికి తెలియదు, మొక్కకు తెలియును.

సూర్యుని తెల్లని వెలుగులో ఇంద్రధనుస్సునందలి రంగులన్నియు గలవు. ఆకు వానిలో నీలమును, ఎరుపును మిక్కిలిగా గ్రహించి ఆహారము సిద్ధపఱచుకొనును. ఆకుపచ్చను కొంత విడిచిపెట్టును గనుకనే మనకు పచ్చగా కనబడును. ఎరుపునకు ఆవల, మన కంటికి దాదాపు కానరాని కిరణమొకటి గలదు. దానిని ‘అవతలి యెరుపు’ అందము. ఆకు దానిని గ్రహింపక జాఱవిడుచును. కావున చెట్టు క్రిందికి దిగు వెలుగులో ఎరుపు తక్కువ, అవతలి యెరుపు ఎక్కువ. ఈ పాళ్లను బట్టి, తనపై మఱియొక చెట్టున్నదని మొక్క గ్రహించును.

1952వ సంవత్సరమున అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధనాలయమున బోర్త్‌విక్, హెండ్రిక్స్ అను శాస్త్రజ్ఞులు సహచరులతో గూడి దీనిని గింజలపై పరీక్షించిరి. చీకటిలో నానిన లెట్యూస్ అను ఆకుకూర గింజలకు ఎరుపు వెలుగు కొలదిసేపు చూపగా మొలచినవి. ఆ వెంటనే అవతలి యెరుపు చూపగా చాలవఱకు మొలవలేదు. ఎన్నిమార్లు మార్చి మార్చి చూపినను, కడపట చూపిన వెలుగుదే తీర్పు. మొక్కలో ఈ రంగులను గుర్తించు పదార్థమునకు తరువాత ఫైటోక్రోమ్ అని పేరిడిరి.

ఇది మన తోటలకెట్లు పనికివచ్చును? ముసలిచెట్ల నడుమ నాటిన కొబ్బరిమొక్క వెలుగు చాలక, బలము లేక, ఆకులు పొడవుగా సాగి, ఆలస్యముగా కాపునకు వచ్చును. ఎరువు చాలలేదని మనము మఱికొంత వేయుదుము. కొఱత వెలుగునది! ఒక చెట్టుకును మఱియొక చెట్టుకును 25 అడుగులకు తగ్గని యెడముండవలెను. తిరుగ నాటునపుడు ముసలిచెట్లను క్రమముగా తొలగించుచు రావలెను.

అంతరపైరులకును ఇదియే న్యాయము. తోట నాటిన మొదటి ఏడెనిమిది ఏండ్లు నేలపై ఎండ పుష్కలము. కూరగాయలు, అరటి బాగుగా పండును. అటుపిమ్మట ఇరువదియేండ్లు దాటువఱకు నీడ చిక్కన. చెట్లెత్తయిన పిదప ఎండ మరల దిగును. అప్పుడు కోకో, పసుపు, కంద హాయిగా నుండును. కోకో పుట్టినిల్లు అమెజాన్ అడవి. పలుచని నీడ దానికి అలవాటే.

ఇక పూత సంగతి. లంకపొగాకు నెఱిగిన మనకు ఈ కథ రుచించును. వేసవిలో పూయక ఏపుగా పెరుగు నొక పొగాకును గార్నర్, అల్లార్డు అనువారు సాయంకాలమే చీకటికొట్టులో నుంచుచు రాగా వేసవిలోనే పూచినది. 1920లో వారు దానిని ప్రకటించిరి. అట్టి మొక్క నిజముగా కొలుచునది పగటిని గాదు, రాత్రి నిడివిని అని పిదప తేలినది. నడిరేయి కొంతసేపు వెలుగు, అందును ఎరుపు, తగిలినచో చేమంతి రాత్రి ముగిసెనని భ్రమించి పూత మానుకొనును. పూత తమకు వలసిన దినమునకు జరుపుకొనుటకై చేమంతి రైతులు చేలలో దీపములు వెలిగించుట ఇందుకే.

పాతకాలపు సార్వా వరి రకములలో అనేకములకు ఈ గుణమే గలదు. వీథిదీపము రాత్రియెల్ల పడు చోట అట్టి వరి ఆలస్యముగా వెన్ను తీయును. అపుడు విత్తనమును, పొరుగువానిని నిందింపక, దీపమునకు చేనివైపు రేకు కట్టింపుడు.

నీరెంత పెట్టితిమి, ఎరువెంత వేసితిమి యని లెక్కించుచున్నాము. వెలుగెంత విడిచితిమని గూడ లెక్కింపుడు. నేడు మనము నాటు కొబ్బరి మన మనుమలకు కాయవలసినది గదా! సెలవు.