సముద్రపు బురద చమురైన వైనం

కువైట్‌లో ఉంటున్న మన తెలుగువాళ్ళలో చమురు కంపెనీల్లో పనిచేసేవాళ్ళు కొందరే. కానీ ఇంజనీరు జీతమైనా, డ్రైవరు జీతమైనా, ఇళ్ళలో పనిచేసే అక్కచెల్లెళ్ళ జీతమైనా, దాని మూలం వెతుక్కుంటూ వెళితే బుర్గాన్ బావుల దగ్గరికే చేరతాం. మన ఊళ్ళో బోరు వేస్తే నీళ్ళు పడ్డట్టు, 1938 ఫిబ్రవరిలో అక్కడ చమురు పడింది. 1946 జూన్ 30న మొదటిసారి ఓడలో ఎగుమతి అయింది. మరి అంత చమురు అక్కడికి ఎలా వచ్చింది? డైనోసార్లు చచ్చి, కుళ్ళి చమురయ్యాయని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు.

అసలు ముడిసరుకు సముద్రంలో తేలే, కంటికి ఆనని నాచు. ఈ సూక్ష్మజీవుల్లో సగటున 106 కార్బన్ పరమాణువులకి 16 నత్రజని, ఒక ఫాస్ఫరస్ పరమాణువు ఉంటాయి. ఇవి చచ్చి అడుగుకి రాలతాయి. కానీ దారిలోనూ, అడుగునా తినేవాళ్ళు కాచుకుని ఉంటారు. చివరికి బురదలో మిగిలేది నూటికి ఒక వంతు కూడా ఉండదు.

మొదటి దశ బాక్టీరియాది. సేంద్రియ పదార్థాన్ని అరిగించుకోవడానికి అవి ముందు ఆక్సిజన్ వాడతాయి. అది అయిపోయాక నైట్రేట్, ఆ తర్వాత మాంగనీసు, ఇనుము ఆక్సైడ్లు, ఆపైన సముద్రపు నీటిలోని సల్ఫేట్. ఎక్కువ శక్తినిచ్చేది ముందు, తక్కువ ఇచ్చేది తర్వాత అన్నమాట. సల్ఫేట్ వాడినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కోరింగ మడ అడవుల్లో నల్లబురద తవ్వితే వచ్చే కుళ్ళిన గుడ్డు వాసన దీనిదే. సల్ఫేట్ కూడా అయిపోతే, మీథేన్ తయారుచేసే జీవుల వంతు వస్తుంది. దీనికి మంచి ఉదాహరణ మన కృష్ణా-గోదావరి బేసిన్‌లోనే ఉంది. 2006లో జోయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ అక్కడ సముద్రం అడుగున తవ్వినప్పుడు, 128 మీటర్ల మందం పొరలో గ్యాస్ హైడ్రేట్ కనిపించింది. అంటే మంచులాంటి గడ్డలో చిక్కుకున్న మీథేన్. బాక్టీరియా తరహా జీవులు చేసిన గ్యాసే అది.

రెండో దశలో, ఎవరూ తినలేక వదిలేసిన కొవ్వులు, గట్టి కణపు గోడలు ఒకదానితో ఒకటి అతుక్కుని పెద్ద పెద్ద అణువులవుతాయి. ఏ ద్రావకంలోనూ కరగని ఈ పదార్థాన్ని కెరోజెన్ అంటారు. మరి ఆ హైడ్రోజన్ సల్ఫైడ్ ఏమైంది? బంకమట్టి బురదలో ఇనుము ఉంటుంది కాబట్టి గంధకాన్ని అది పట్టేసుకుని పైరైట్ అవుతుంది. కువైట్ ఉన్నచోట అప్పట్లో ఉన్న సముద్రంలో పేరుకున్నది ఎక్కువగా సున్నపు బురద. అందులో ఇనుము తక్కువ. పట్టుకునేవాళ్ళు లేక గంధకం సేంద్రియ పదార్థంలోకే దూరింది. నజ్మా, మఖుల్ అనే రాతి పొరలు అలాంటివే. కువైట్ ముడిచమురులో ఇప్పటికీ బరువులో సుమారు 2.5 శాతం గంధకం ఉండడానికి కారణం ఇదే.

మూడో దశ వేడిది. భూమిలోకి కిలోమీటరు దిగితే సుమారు 25 నుంచి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. దాలిలో పాలు సన్నసెగ మీద గంటల తరబడి కాగి రంగు తిరిగినట్టు, కెరోజెన్ లక్షల ఏళ్ళు కాగుతుంది. 60 డిగ్రీలు దాటాక దాని పెద్ద అణువులు తెగి చమురు విడుదలవడం మొదలవుతుంది. కార్బన్-గంధకం బంధం కార్బన్-కార్బన్ బంధం కంటే బలహీనం కాబట్టి, గంధకం ఎక్కువున్న కెరోజెన్ కాస్త ముందే తెగుతుంది. 150 డిగ్రీలు దాటితే చమురు కూడా తెగి గ్యాసవుతుంది. హైడ్రోజన్ అంతా చమురుతో, గ్యాసుతో వెళ్ళిపోగా చివరికి మిగిలేది మాడుబొగ్గు లాంటి కార్బన్.

బుర్గాన్‌లో చమురు దొరికిన ఇసుకరాయి కిలోమీటరు పైచిలుకు లోతులోనే ఉంది. చమురు కాగడానికి అక్కడి వేడి చాలదు. అంటే అది ఇంకా లోతున పుట్టి, పైకి పాకి, ఆ ఇసుకరాయిలో చేరిందన్నమాట.

ఇదంతా ఊహ కాదా అంటారేమో! 1930ల్లో ఆల్ఫ్రెడ్ ట్రైబ్స్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ముడిచమురులో పోర్ఫిరిన్లు అనే అణువుల్ని కనిపెట్టాడు. అవి ఆకుపచ్చని పత్రహరితం నుంచి వచ్చినవే. కోట్ల ఏళ్ళు ఉడికినా, కాగినా పుట్టుమచ్చ మాత్రం చెరిగిపోలేదు.

ఈ రసాయన శాస్త్రం మనకెందుకంటే, ఆ గంధకం కథ ఇంకా ముగియలేదు. 1991లో ఇక్కడ 600కి పైగా బావులు తగలబడినప్పుడు పొగతో పాటు సల్ఫర్ డయాక్సైడ్‌గా ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది అదే. ఉత్తర కువైట్‌లోని లోతైన జురాసిక్ గ్యాసులో హైడ్రోజన్ సల్ఫైడ్‌గా పైకి వస్తున్నదీ అదే. ఈ వాయువు కొంచెం ఉంటే కంపు కొడుతుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. కాబట్టి వాసన పోయిందంటే ప్రమాదం పోయినట్టు కాదు, పెరిగి ఉండవచ్చు. మీ ఇంట్లోనో, పక్క గదిలోనో ఆయిల్ ఫీల్డులో పనికి వెళ్ళే మనవాళ్ళుంటే ఈ మాట తప్పక చెప్పండి. ముక్కుని నమ్ముకోవద్దు, డిటెక్టర్ని నమ్మండి. అది మోగితే ముందు గాలివాలు నుంచి పక్కకి తప్పుకుని, ఆ తర్వాత గాలికి ఎదురుగా నడవండి. ఆ వాయువు గాలికంటే బరువు కాబట్టి పల్లంలో ఉండకండి. పడిపోయిన తోటివాణ్ణి కాపాడాలన్నా ముందు శ్వాస పరికరం పెట్టుకోండి.