సీసం చేతిలో ఓడిన స్పిరిట్

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బంకుల్లో ఇప్పుడు పోసే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. కొత్తగా వచ్చినట్టు కనిపించినా, ఇది నూరేళ్ల కిందట పందెంలో ఓడిన ఇంధనమే.

సిలిండర్‌లో పిస్టన్ పైకొస్తూ గాలినీ పెట్రోల్ ఆవిరినీ నొక్కుతుంది. స్పార్క్ ప్లగ్ అంటించిన మంట ఆ మిశ్రమంలో వరుసగా పాకాలి. మంట చేరేలోపే మూలన మిగిలిన ఆవిరి వేడికీ ఒత్తిడికీ తాళలేక ఒక్కసారిగా అంటుకుంటే, పీడన తరంగాలు గోడలను కొడతాయి. మిట్ట ఎక్కేటప్పుడు పాత బండి చేసే టకటక చప్పుడు ఇదే. దీన్నే నాకింగ్ అంటారు. ఇది ముదిరితే పిస్టన్‌కే చిల్లు పడుతుంది.

1921 డిసెంబరులో జనరల్ మోటార్స్ పరిశోధకుడు థామస్ మిడ్జ్‌లీ దీనికి టెట్రాఇథైల్ లెడ్ అనే సీసం కలిసిన విరుగుడు కనిపెట్టాడు. గ్యాలన్‌కు కొద్ది గ్రాములు చాలు. సిలిండర్ వేడికి అది విడిపోయి సన్నని లెడ్ ఆక్సైడ్ రేణువులవుతుంది. ముందస్తు మంటను రగిల్చే చురుకైన అణుశకలాలు వాటికి తగిలి చురుకు కోల్పోతాయి, గొలుసు చర్య తెగిపోతుంది. ఎంత తెలివైన ఉపాయమో! కానీ సీసం కాలిపోయి మాయమయ్యేది కాదు. పొగగొట్టంలోంచి వీధిలోకి, ఊపిరితో రక్తంలోకి చేరి పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

ఇథనాల్ అనే ఆల్కహాల్ (స్పిరిట్) అదే పనిని మరో దారిలో చేస్తుంది. ఆవిరయ్యేటప్పుడు బాగా వేడి లాక్కుని మిశ్రమాన్ని చల్లబరుస్తుంది, తనంతట తాను తొందరగా అంటుకోదు. మిడ్జ్‌లీకి ఈ సంగతి తెలుసు. అయితే స్పిరిట్‌ను ఎవరైనా కాయగలరు, సీసం మందు మీద మాత్రం పేటెంటు ఉంటుంది. కాబట్టి సీసమే నెగ్గింది. 1924లో అమెరికాలోని బేవే కర్మాగారంలో ఈ మందు తయారుచేసే కార్మికులు మతి చలించి చనిపోయారు. అప్పుడు మిడ్జ్‌లీ విలేకరుల ముందు అదే ద్రవంతో చేతులు కడిగి చూపాడు. అంతకు ముందు ఏడాదే సీసం విషం సోకి సెలవు పెట్టిన మనిషి ఆయన!

పెట్రోల్‌లో స్పిరిట్ కలపడానికి భారత్ 1948లోనే చట్టం చేసింది, 2000లో దాన్ని రద్దు చేసింది. అదే ఏడాది ఫిబ్రవరిలో దేశమంతటా సీసం పెట్రోల్ ఆగింది. ఇథనాల్ మాత్రం మళ్లీ పెట్రోల్‌లోకి వచ్చింది. కోరుట్ల దగ్గరి ముత్యంపేట చక్కెర కర్మాగారం 2015లో మూతపడినా, ఇథనాల్‌కు ఇప్పుడు చెరకొక్కటే ఆధారం కాదు, మొక్కజొన్న, నూకలు కూడా పనికొస్తున్నాయి.

సీసం లేకున్నా పెట్రోల్ నిరపాయం కాలేదు. అందులోని బెంజీన్ ఎముక మజ్జను దెబ్బతీసి రక్త క్యాన్సర్ తెస్తుంది. బీఎస్-6 ప్రమాణం దాన్ని 1 శాతానికి పరిమితం చేసింది. ట్యాంకులోంచి పైపుతో నోట పీల్చి తీసేటప్పుడు ఒక్క గుటక ఊపిరితిత్తుల్లోకి జారినా తీవ్రమైన న్యుమోనియా రావచ్చు. మింగినవారికి వాంతి చేయిస్తే ఆ ముప్పు పెరుగుతుంది. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.