రేకులు కాని రేకులు

న్యూజెర్సీలోనో వర్జీనియాలోనో స్థిరపడ్డ మనవాళ్ల పెరళ్లను వేసవిలో చూడాలి. గోంగూర మడి, బీర పందిరి, కుండీలో కరివేపాకు. చలి ముదిరేసరికి కరివేపాకు కుండీ ఇంట్లోకి చేరుతుంది, పందిరి మీద ఎండు తీగలు మిగులుతాయి. ఇక వసంతం వచ్చేదాకా పెరటి తలుపు తీసే పనే ఉండదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, చెట్ల కింద రాలిన ఆకుల మధ్య నుంచి మొగ్గ తొడిగే మొక్క హెల్లెబోర్.

దీని పుట్టిల్లు ఐరోపా, పశ్చిమాసియా కొండ అడవులు. ఇరవై దాకా జాతులున్నాయి. ఆల్ప్స్ కొండల్లోని తెల్లపూల జాతిని క్రిస్మస్ రోజ్ అంటారు. క్రైస్తవుల ఉపవాస దినాలైన లెంట్‌కు అటూ ఇటూగా, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఊదా, గులాబి, పసుపు, ఇంచుమించు నలుపు రంగుల్లో పూసే సంకరజాతి లెంటెన్ రోజ్. పేరులో రోజ్ ఉన్నా గులాబీతో చుట్టరికం లేదు. అసలు చుట్టాలు మన పోపుల పెట్టెకు తెలిసిన నల్లజీలకర్ర, ఆయుర్వేదానికి తెలిసిన వసనాభి.

పువ్వు తల వంచుకుని ఉంటుంది. లోపలి పుప్పొడి వానకూ మంచుకూ తడవకుండా అదే గొడుగు. చూడాలంటే మనమే వంగి, వేలితో గడ్డం పట్టుకుని ఎత్తినట్టు ఎత్తాలి. అయిదు వెడల్పాటి రేకులు, వాటి మీద ఎర్రటి చుక్కలు, నడుమ కేసరాల గుత్తి. ఆ గుత్తి చుట్టూ ఉంగరంలా పేర్చిన చిన్న చిన్న ఆకుపచ్చ గొట్టాలు. చిత్రమేమిటంటే అసలైన రేకులు, అంటే ఆకర్షక పత్రాలు, ఆ గొట్టాలే. తేనె దాచే గిన్నెలుగా మారిపోయాయి. మనం రేకులనుకున్నవి రక్షక పత్రాలు, అంటే మందారం అడుగున పచ్చగా కనిపించే తొడిమ రేకుల లాంటివి.

మందారం పొద్దున విచ్చి సాయంత్రానికి ముడుచుకుంటుంది. హెల్లెబోర్ నెలల తరబడి నిలబడేది రక్షక పత్రాలే రేకుల్లా ఉండటం వల్ల. ఫలదీకరణ అయ్యాక గొట్టాలు, కేసరాలు రాలిపోతాయి. రక్షక పత్రాలు మాత్రం ఉండి, పచ్చబడి, ఆకుల్లా ఎండను పట్టి గింజకు తిండి వండుతాయి. చలికాలంలో తిరిగే తేనెటీగలు తక్కువ కాబట్టి పువ్వుకు తొందరపడి లాభం లేదు. ఇంకో వింత ఉంది. స్పెయిన్ శాస్త్రవేత్తలు 2010లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, హెల్లెబోర్లలోనే ఒక జాతి పువ్వుల తేనెలో చేరిన ఈస్టు చక్కెరను పులియబెడుతూ ఆ గొట్టాలను చుట్టూ ఉన్న గాలికంటే కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంచుతుంది. మన దోసె పిండిని పొంగించే పనే అక్కడ పువ్వుకు కుంపటి అవుతోంది.

పెంచడానికి పెద్ద విద్య అక్కర్లేదు. ఆకురాల్చే చెట్టు నీడ దీనికి సరైన చోటు: చలికాలంలో ఎండ, వేసవిలో నీడ. ఆకుల ఎరువు కలిపిన, నీరు నిలవని నేల కావాలి. మొదలు మట్టిలో లోతుగా కూరుకుపోతే పూత తగ్గుతుంది. లెంటెన్ రోజ్‌కు మొగ్గలు లేచేలోపు పాత ఆకులను మొదలంటా కోసేయాలి. నల్లమచ్చ తెగులు వాటి మీద నుంచే కొత్త చిగుళ్లకు అంటుకుంటుంది. గింజ నుంచి పెంచితే పూత చూడటానికి రెండు మూడేళ్లు పడుతుంది. గట్టి మంచు పడిన పొద్దున కాడలు నేలకు వాలిపోయి ఉంటే కంగారు పడొద్దు. ఎండ తగలగానే మళ్లీ లేస్తాయి. హైదరాబాద్, విజయవాడ ఎండలకు మాత్రం ఇది ఓర్వదు.

మొక్కంతా విషమే. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో గ్రీకులు కిర్రా నగరాన్ని ముట్టడించి, ఊరికి పారే నీళ్లలో దీని వేళ్లు కలిపారని గ్రీకు రచయిత పాసేనియస్ రాశాడు. రసం తగిలితే చర్మం మండుతుంది కాబట్టి కోసేటప్పుడు చేతికి తొడుగులుండాలి. వేరు నల్లగా ఉంటుందని క్రిస్మస్ రోజ్‌ను నల్ల హెల్లెబోర్ అన్నారు. పాత ఇంగ్లిష్ వైద్య గ్రంథాల్లో మన కటుకరోహిణికి కూడా ఆ పేరే తగిలించారు. కటుకరోహిణి హిమాలయాల మొక్క, పూర్తిగా వేరు. పేరు చూసి ఒకదానికి బదులు ఇంకోటి వాడితే ప్రాణాల మీదికి వస్తుంది.

కోసి కూజాలో పెడితే ఈ పువ్వులు తొందరగా వాడిపోతాయి. అందుకే తోటమాలులు కాడ తీసేసి, వెడల్పాటి పాత్రలో నీళ్లు పోసి పైన తేలేస్తారు. పండగలకు మనం ఇత్తడి ఉరుళిలో పూలు తేలేయడం లాంటిదే. పిల్లలకు అందని చోట ఉంచితే చాలు. పెరట్లో వంగితే తప్ప కనబడని ఆ చుక్కలూ, గొట్టాల ఉంగరమూ అప్పుడు కూర్చున్న చోటినుంచే కనిపిస్తాయి.