కార్డు ఆగిపోయే చోట

దేశంలో 2022లో కొత్తగా క్యాన్సర్ బారిన పడినవాళ్లు సుమారు 14.61 లక్షల మంది అని జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ అంచనా. తొమ్మిది మందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు రావచ్చని కూడా ఆ లెక్కే చెబుతుంది. రోగం బయటపడిన ఇంట్లో మాత్రం ఈ అంకెలతో పనిలేదు. వాళ్లకు కావలసినవి వేరే ఉన్నాయి: 104, 14555, 14416, నూటికి 75, అయిదు రూపాయలు, పదిహేనేళ్లు. ఒక్కొక్కటీ ఒక్కో ఉచిత సేవకో రాయితీకో సంబంధించింది. అన్నీ ఒకే గుమ్మం దగ్గర దొరకవు. సగం కుటుంబాలకు వీటి సంగతి తెలిసేసరికి అప్పు అయిపోయి ఉంటుంది.

ముందు ఖర్చు చూద్దాం. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం క్యాన్సర్‌తో ఒకసారి ఆసుపత్రిలో చేరితే అయ్యే సగటు వైద్య ఖర్చు ప్రభుత్వాసుపత్రిలో 22,500 రూపాయలు, ప్రైవేటులో 93,300 రూపాయల దాకా ఉంది. అది ఒక్కసారి చేరినందుకు. కీమో అయితే చాలా మందులను 21 రోజులకోసారి ఎక్కిస్తారు. ఆరుసార్లంటే నాలుగు నెలలు. అయినా ఈ సర్వే అంకెలో ఆసుపత్రికి కట్టిందే ప్రధానంగా కనిపిస్తుంది. ఇల్లు కుంగేది ఆ బిల్లు వల్లే అనుకుంటే పొరపాటు.

ఒక లెక్క వేద్దాం. నోటి క్యాన్సర్‌కు రేడియేషన్, మనవాళ్ల మాటలో కరెంటు పెట్టడం, మామూలుగా 33 సిట్టింగుల దాకా ఉంటుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి, శనాదివారాలు సెలవు. అంటే ఆరు వారాల మూడు రోజులు, 45 రోజులు. ఒక్కో సిట్టింగుకు పట్టేది కొద్ది నిమిషాలే, మంచం ఇచ్చి చేర్చుకోరు. ఉట్నూరు నుంచో ఇచ్ఛాపురం నుంచో వచ్చిన మనిషి రోజూ ఇంటికి వెళ్లి రాలేడు. ఊళ్లో గది తీసుకోవాలి. రోజుకు 500 రూపాయల గది దొరికిందనుకున్నా 45 రోజులకు 22,500. సర్వే చెప్పిన ప్రభుత్వాసుపత్రి సగటు ఖర్చు ఒక్క గది అద్దెకే సరిపోయింది. రోగికీ తోడు వచ్చిన మనిషికీ కూలి పోతుంది. 2025-26కి రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి 307 రూపాయలు. ఇద్దరికి 45 రోజులంటే 27,630. రెండూ కలిపి యాభై వేలు దాటాయి, ఇంకా తిండి లేదు, ఛార్జీలు లేవు. ఆసుపత్రి బిల్లు సున్నా అయినా ఇంత.

ఇరవై సిట్టింగులయ్యాక "కాస్త తగ్గింది కదా, పత్తి తీసి వస్తాం" అని వెళ్లిపోయేవాళ్లు ఇందుకే వెళ్లిపోతారు. నోరు, గొంతు క్యాన్సర్లలో రేడియేషన్ మధ్యలో ఆపితే మిగిలిన కణాలు మళ్లీ పెరుగుతాయి, అంతకుముందు చేసిందీ వృథా కావచ్చు. కాబట్టి గది, బువ్వ, బస్సు అనేవి వైద్యం పక్కన ఉండే దయాధర్మాలు కావు. అవీ వైద్యంలో భాగమే.

కార్డు సంగతి చాలామందికి తెలుసు గనక త్వరగా చెబుతాను. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా, ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో 25 లక్షల దాకా వర్తిస్తుంది. రెండింటికీ ఫోన్ 104. కేంద్రం ఆయుష్మాన్ భారత్ 5 లక్షలు, దాని ఫోన్ 14555. 70 ఏళ్లు దాటినవాళ్లకు 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ కార్డు ఇస్తున్నారు. పింఛనుదారు కుటుంబాలు దీన్ని పట్టించుకోవడం లేదని నా అనుమానం, "మనం పేదవాళ్లం కాదుగా" అని. పథకం వర్తించే నెట్‌వర్క్ ఆసుపత్రిలో అడుగు పెట్టగానే వెతకాల్సింది డాక్టర్ని కాదు, అక్కడ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రని. కొన్నిచోట్ల వైద్యమిత్ర అంటారు. ప్యాకేజీలో మందులు, పరీక్షలతోపాటు రోగి భోజనం, తిరుగు ప్రయాణపు ఛార్జీ కూడా ఉంటాయి. ఆ ఛార్జీ అడిగి తీసుకునేవాళ్లు తక్కువ.

కార్డుకు రెండు చోట్ల చిల్లు. ఒకటి మొదట్లో: ముక్క పరీక్ష రిపోర్టు వచ్చి జబ్బు ఇదీ అని తేలేదాకా స్కానింగులకు, పరీక్షలకు చాలా ఇళ్లు జేబులోంచే పెట్టుకుంటాయి. పైగా ఈ దశలోనే ఊళ్లో ఇద్దరు ముగ్గురు డాక్టర్ల దగ్గర తిరిగి ఉంటారు. అనుమానం రాగానే నేరుగా ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి వెళితే ఈ ఖర్చు బాగా తగ్గుతుంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో 1955 నుంచీ ఉన్న ఎంఎన్‌జే, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ నడిపే హోమీ బాబా ఆసుపత్రి అలాంటివే. రెండోది మధ్యలో: బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపిన సందర్భాలు 2025లో రెండు రాష్ట్రాల్లోనూ వచ్చాయి. కీమో తేదీ ఆ గొడవ తీరేదాకా ఆగదు. ప్యాకేజీలో లేని చికిత్స అయితే ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ముందుగానే ఎల్‌ఓసీ, అంటే ఖర్చు భరిస్తామనే హామీ పత్రం, తెచ్చుకోవచ్చు. బిల్లు కట్టేశాక పెట్టుకునే దరఖాస్తు కంటే ఇది మేలు. బయట మందు కొనక తప్పకపోతే అమృత్ ఫార్మసీలో ధర అడిగి చూడండి. 2019లో 42 క్యాన్సర్ మందుల మీద వ్యాపారుల లాభాన్ని 30 శాతానికి కట్టేశాక కొన్ని బ్రాండ్ల ధర బాగానే దిగింది.

ఇక ప్రయాణం. రైల్వే రాయితీలో ఒక వింత ఉంది. క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో నూటికి నూరు శాతం రాయితీ. సెకండ్ క్లాసులో, ఏసీ చైర్ కార్‌లో 75 శాతం. సెకండ్ ఏసీకి, ఫస్ట్ ఏసీకి సగం. అంటే మూల ఛార్జీ వరకు చూస్తే కింది తరగతి సెకండ్ సిట్టింగ్ కంటే థర్డ్ ఏసీయే రోగికి చవక. తోడు వెళ్లే ఒకరికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో 75 శాతం తగ్గుతుంది, మిగతా తరగతుల్లో రోగితో సమానం. తగ్గేది మూల ఛార్జీలోనే, రిజర్వేషన్, సూపర్‌ఫాస్ట్ రుసుములు కట్టాలి. ఆసుపత్రి ఇచ్చే నిర్ణీత నమూనా సర్టిఫికెట్ పట్టుకుని స్టేషన్ కౌంటర్‌లోనే టికెట్ తీయాలి, ఫోన్లో బుక్ చేస్తే ఈ రాయితీ రాదు. 2020లో వృద్ధుల రాయితీ ఎత్తేసినప్పుడు రోగులది మాత్రం ఉంచారు. ఆ వార్త విని అన్నీ పోయాయనుకున్నవాళ్లు ఇప్పటికీ పూర్తి ఛార్జీ పెట్టి కాట్పాడిలో దిగి వేలూరు సీఎంసీకి వెళుతున్నారు. తిరుగు ప్రయాణానికి సర్టిఫికెట్ అక్కడ అడిగి తీసుకోవాలి.

బస్సులకొస్తే ఆడవాళ్లకు తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఛార్జీ లేదు. క్యాన్సర్‌ను దృష్టిలో పెట్టుకుని తెచ్చిన పథకాలు కావివి. కానీ రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లతో తిరిగే ఆడవాళ్లకు, తోడు వచ్చే అక్కకో కూతురికో, ఆధార్ చూపిస్తే చాలు, నెలకు రెండు మూడు వేలు మిగులుతున్నాయి. తోడు ఎవరు రావాలనే నిర్ణయం కూడా కొన్ని ఇళ్లలో దీంతోనే మారింది.

బస, తిండి విషయంలో అందరికంటే మెరుగ్గా ఉన్నది పిల్లల పరిస్థితి. రక్తపు క్యాన్సర్‌లో పిల్లలకు ఎక్కువగా వచ్చే రకానికి చికిత్స రెండు నుంచి మూడేళ్లు. సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతం పైగా బతుకుతుంటే, చాలా పేద, మధ్యాదాయ దేశాల్లో 30 శాతం కూడా బతకడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తేడాకు ఒక పెద్ద కారణం చికిత్స సగంలో వదిలేయడం. 2006లో ముంబయిలో మొదలై హైదరాబాద్‌కూ వచ్చిన సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్లు పట్టుకున్నది సరిగ్గా ఈ పాయింటునే. పదిహేనేళ్లలోపు బిడ్డకు, తల్లిదండ్రులకు ఒక గది, సొంతంగా వండుకోవడానికి పొయ్యి, సరుకులు, ఆసుపత్రికి వెళ్లే బండి, కౌన్సెలింగు, అన్నీ ఉచితం. వండుకోవడం ముఖ్యం. తెల్లకణాలు పడిపోయిన పిల్లకు హోటల్ తిండి ప్రమాదం. అక్కడ చేరడానికి ఆసుపత్రి సిఫార్సు చేయాలి, నేరుగా వెళ్లి తలుపు తడితే కుదరదు. చికిత్స మొదలైన రోజే సోషల్ వర్కర్‌ని అడగాలి, ఎందుకంటే గదులు లెక్కగానే ఉంటాయి.

పెద్దలకు ఇంత ఏర్పాటు లేదు. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల చుట్టూ ధర్మశాలలు, ట్రస్టుల గదులు కొన్ని ఉన్నా వెయిటింగ్ లిస్టు ఉంటుంది. తిండికి మాత్రం అయిదు రూపాయల క్యాంటీన్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. 2022లో హైదరాబాద్‌లోని 18 ప్రభుత్వాసుపత్రుల్లో రోగుల సహాయకులకు పూటకు అయిదు రూపాయల భోజనం మొదలుపెట్టారు. ఇద్దరు మూడు పూటలా తింటే రోజుకు 30 రూపాయలు. బస అవసరాన్నే తగ్గించే ఆలోచన కూడా ఒకటుంది: 2025-26 కేంద్ర బడ్జెట్‌లో జిల్లా ఆసుపత్రులన్నిటిలో మూడేళ్లలో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు, తొలి ఏడాదే 200, అని ప్రకటించారు. అవి పనిచేస్తే కీమో సొంత జిల్లాలోనే ఎక్కించుకోవచ్చు. రేడియేషన్ యంత్రం ఉన్న ఊరికి మాత్రం వెళ్లక తప్పదు.

ఇప్పుడు అందరూ ఆఖరున అడిగే, నిజానికి మొదటే అడగాల్సిన సేవ: పాలియేటివ్ కేర్. నొప్పి, వాంతులు, ఆయాసం, పుండ్లు, నిద్రలేమి, భయం, వీటిని చూసే వైద్యం ఇది. ప్రపంచంలో ఏటా 5.68 కోట్ల మందికి ఇది అవసరమైతే అందుతున్నది 14 శాతం మందికే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దగ్గర ఆ మాట వినగానే "ఇక చేతులెత్తేశారు" అనుకుంటారు. దానికి జవాబుగా చెప్పదగ్గ అధ్యయనం 2010లో అమెరికాలో వచ్చింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన 151 మందిలో సగం మందికి మామూలు చికిత్స, మిగతా సగానికి దానితోపాటు మొదటినుంచే పాలియేటివ్ కేర్ ఇచ్చారు. మొదటివాళ్లు సగటున 8.9 నెలలు బతికితే రెండోవాళ్లు 11.6 నెలలు బతికారు. పైగా వాళ్ల రోజులు తేలిగ్గా గడిచాయి. చేతులెత్తేస్తే రెండున్నర నెలలకు పైగా ఆయుష్షు పెరగదు కదా.

నొప్పికి ప్రధానమైన మందు మార్ఫిన్. నల్లమందు నుంచి తీసేది, ఖరీదు తక్కువ, పాలియేటివ్ క్లినిక్కుల్లో పేదలకు ఉచితంగానే ఇస్తారు. చట్టబద్ధంగా నల్లమందు పండించే కొద్ది దేశాల్లో మనదొకటి. అయినా మన రోగులకు మార్ఫిన్ దొరికేది కాదు, ఎందుకంటే 1985 మాదకద్రవ్యాల చట్టం కింద ఒక ఆసుపత్రి దాన్ని నిల్వ ఉంచాలంటే నాలుగైదు లైసెన్సులు కావాల్సి వచ్చేవి, ఒకటి వచ్చేలోపు ఇంకోదాని గడువు తీరేది. 2014లో చట్టం సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థకు ఒకే అనుమతి చాలన్నారు. ఇప్పుడు అడ్డు చట్టం కంటే భయమే. మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకోసారి గడియారం చూసి వేయాలి, నొప్పి వచ్చేదాకా ఆగకూడదు. "అలవాటు పడిపోతాడు" అని రాత్రి డోసు ఎగ్గొట్టే కుటుంబాలు ఎన్నో. డాక్టర్ చెప్పిన మోతాదులో క్యాన్సర్ నొప్పికి వాడినప్పుడు వ్యసనం అరుదు. మలబద్ధకం మాత్రం ఖాయం, దానికి మందు వెంటే రాయించుకోవాలి.

హైదరాబాద్‌లో ఎంఎన్‌జేలో పాలియేటివ్ విభాగం ఉంది, ఇంటికి వచ్చి చూసే బృందాలున్నాయి. 2011లో మొదలైన స్పర్శ్ హాస్పిస్‌లో ఆఖరి దశ రోగులకు మంచం, మందు, నర్సు, భోజనం, దేనికీ డబ్బు తీసుకోరు. తెలంగాణ జిల్లా ఆసుపత్రుల్లోనూ పాలియేటివ్ వార్డులు తెరిచారు. కేరళ 2008లోనే దీనికి విధానం రాసుకుని పంచాయతీల చేత ఇంటింటికీ నర్సుల్ని పంపిస్తోంది. మనం ఇంకా చాలావరకు వార్డు దగ్గరే ఉన్నాం.

పాలియేటివ్ బృందాలు చేసే ఇంకో పని బయటికి కనపడదు. "ఆయనకు తెలీదండీ, గడ్డ అని చెప్పాం, మీరు పేరెత్తకండి" అని కొడుకు డాక్టర్ చెవిలో చెబుతాడు. అరగంట తర్వాత తండ్రి నర్సుతో, "నాకు తెలుసమ్మా, నాకు తెలుసని వాడికి తెలిస్తే తట్టుకోలేడు" అంటాడు. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించడానికి శిక్షణ పొందిన కౌన్సెలర్ కావాలి. ఈ దాగుడుమూతల్లో పొలం పత్రాలు, బాకీలు, చిన్నమ్మాయి పెళ్లి, ఏవీ తేలకుండా మిగిలిపోతాయి. రొమ్ము తీసేసిన ఆడవాళ్లకు నూలుతో అల్లిన ఆకృతులను, జుట్టు రాలినవాళ్లకు విగ్గులను ఉచితంగా పంపే వలంటీర్ల వివరాలు కూడా ఇలాంటి కౌన్సెలర్ల దగ్గరే ఉంటాయి.

కౌన్సెలర్ లేని ఊళ్లో ఉన్నవాళ్లకు ఫోన్ ఉంది: 14416, టెలీ మానస్. 2022 అక్టోబరు 10న మొదలైంది, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. రోగే చేయనక్కర్లేదు. రాత్రుళ్లు మేలుకుని డ్రిప్పు చూస్తూ కూర్చునే భార్య చేయవచ్చు, పరీక్షలు దగ్గరపడి చదువు తలకెక్కని కొడుకు చేయవచ్చు, మనిషి పోయిన ఆరు నెలలకు అన్నం సహించని తల్లి చేయవచ్చు. ఆరోగ్యశ్రీ ఫైలు రోగితోనే మూసుకుపోతుంది. ఈ నంబరుకు అలాంటి గడువు లేదు, రేషన్ కార్డూ అడగరు.